పెట్రోలు ట్యాంకులోకి నీళ్ళు ఎలా వచ్చాయి?

మా ఊరికి బస్సు రాదు. ఎవరికి జబ్బు చేసినా రోడ్డు దాకా తీసుకెళ్ళేది మా చిన్నాన్న రాజదూత్ బండే. అది నాకంటే పెద్దది. పోయిన వర్షాకాలంలో మా నానమ్మకి జ్వరం వచ్చింది. చిన్నాన్న ఆమెని మధ్యలో కూచోబెట్టాడు, నేను వెనక పట్టుకున్నాను. ఘాటీ ఎక్కుతుంటే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్టు అవ్వలేదు. చివరికి వానలో డోలీ కట్టి మోసుకెళ్ళారు. దేవుడి దయవల్ల నానమ్మ బతికింది.

మెకానిక్కు ట్యాంకు విప్పితే అడుగున నీళ్ళు, ఎర్రటి తుప్పు బురద ఉన్నాయి. ఆడుకుంటూ తమ్ముడే నీళ్ళు పోసాడని చిన్నాన్న వాణ్ణి కొట్టీసాడు. వాడు నేను పొయ్యలేదని ఏడ్చాడు. మరి నీళ్ళు ఎలా వచ్చాయి? నేను మా సైన్సు సారుని అడిగాను.

ఇప్పుడు బంకులో అమ్మే పెట్రోల్లో ఇథనాలు కలుపుతారు. అది చెరకు మడ్డి, మొక్కజొన్న, నూకల నుండి తీసే ఆల్కహాలు. మన దేశంలో 2022లో నూటికి 10 పాళ్ళు, 2025 నాటికి 20 పాళ్ళు అయింది. బయట దేశాల నుండి చమురు కొనడం తగ్గాలని కలుపుతున్నారు. కొత్త బండ్లను దానికి తగ్గట్టు చేస్తున్నారు. పాత బండ్లు అలా చేసినవి కావు.

సారు ఆరుబయట ఒక ప్రయోగం చేశారు. కొలజాడీలో 10 మి.లీ. నీళ్ళు, 50 మి.లీ. పెట్రోలు పోసి, మూత పెట్టి ఊపారు. కాసేపటికి చూస్తే అడుగున నీళ్ళు దాదాపు 20 దగ్గరికి వచ్చాయి! నీళ్ళు పెరగలేదు. పెట్రోల్లో ఉన్న ఇథనాలు దాన్ని వదిలేసి నీళ్ళలో కలిసిపోయింది.

ట్యాంకులో కూడా ఇదే జరుగుతుంది. సగం ఖాళీ ట్యాంకులో గాలి ఉంటుంది. రాత్రి చలికి ఆ గాలిలోని తేమ రేకు లోపల మంచులాగ పడుతుంది. మూత రబ్బరు పాడైతే వాన కూడా దిగుతుంది. ఇథనాలు ఆ తేమని పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి, పెట్రోలు పైన తేలుతుంది. అడుగున రేకు తుప్పు పడుతుంది. బండిని రిజర్వులో పెడితే అడుగునుండే లాగుతుంది కదా, అందుకే ఇంజనుకి నీళ్ళు పోతాయి. రాజదూత్ లాంటి టూ స్ట్రోక్ బండికి ఇంకో ముప్పు ఉంది. ఆయిలు పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. ఆయిలు అందక పిస్టను పట్టేయవచ్చు. ఇథనాలు పాత మడ్డిని కూడా వదిలిస్తుంది, అది కార్బొరేటర్లో సన్న రంధ్రాన్ని మూసేస్తుంది. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి పగులుతాయి.

మెకానిక్కు ట్యాంకుని ఇలా బాగుచేశాడు. సబ్బునీళ్ళతో కడిగి, చిన్న నట్లు వేసి బాగా ఊపాడు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు నింపి ఒక రోజు ఉంచాడు. తుప్పు కరిగి నీళ్ళు నల్లబడ్డాయి. తరవాత వంట సోడా నీళ్ళతో, మళ్ళీ మంచినీళ్ళతో కడిగి వెంటనే ఎండబెట్టాడు. తడి ఉంటే గంటలోనే మళ్ళీ తుప్పు వస్తుందట. చివర్న లోపలంతా ఆయిలు తిప్పాడు.

జాగ్రత్తలు:

1. రోజూ తిరిగే బండికి ట్యాంకు సగం కంటే తక్కువ కాకుండా చూడాలి.
2. నెలల తరబడి ఆపేస్తే ట్యాంకు, కార్బొరేటరు రెండూ ఖాళీ చేసి, ఆరబెట్టి, ట్యాంకు లోపల ఆయిలు తిప్పాలి.
3. మూత రబ్బరు, గొట్టాలు పాడైతే ఇథనాలుకి తట్టుకునేవి అడిగి వేయించాలి.
4. నెలకి ఒకసారి అడుగు పెట్రోలు గాజు సీసాలో పట్టి చూడాలి. నీళ్ళుంటే కింద వేరే పొరగా కనిపిస్తాయి.
5. ఖాళీ ట్యాంకు కదా అని బీడీ, అగ్గిపుల్ల, వెల్డింగు దగ్గరికి తేకూడదు. లోపల ఆవిరి ఉంటుంది, పేలుతుంది.

సెలవులకి వెళ్ళినప్పుడు "చిన్నాన్నా, తప్పు తమ్ముడిది కాదు" అని ఇదంతా చెప్పాను. చిన్నాన్న ఏమీ అనలేదు. సాయంత్రం తమ్ముణ్ణి ముందు కూచోబెట్టుకొని సంతకి తీసుకెళ్ళాడు. ఇప్పుడు నెలనెలా గాజు సీసా పట్టి చూసేది వాడే. మీ ఇంట్లో పాత బండి ఉంటే మీరూ చూడండి.

ఇట్లు,
మీ స్నేహితురాలు,
9వ తరగతి