రేంజ్‌లో పిస్టల్ హోల్‌స్టర్: ఎంపికలో చూడవలసిన అంశాలు

షూటింగ్ క్రీడ గురించిన పుస్తకాల్లో పిస్టల్‌కూ గురికీ దక్కే చోటు నడుముకు తగిలించుకునే హోల్‌స్టర్‌కు దక్కదు. అదొక తోలు సంచి మాత్రమే అనే అభిప్రాయం ఇందుకు కారణం కావచ్చు. తెలుగులో దీన్ని ‘ఒర’ అనవచ్చు. అయితే కత్తి ఒర పని కత్తిని దాచి ఉంచడంతో తీరిపోతుంది. పిస్టల్ ఒర ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి. గొట్టం మూతి ఎటు చూడాలో నిర్ణయించాలి. షూటర్ పరిగెత్తినా, వంగినా ఆయుధం జారిపోకుండా పట్టుకోవాలి. వీటిలో ఏది లోపించినా ప్రమాదం షూటర్‌కే కాదు, పక్కన నిలబడినవారికి కూడా.

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. అన్ని పిస్టల్ పోటీలకూ హోల్‌స్టర్ కావాలా? అక్కర్లేదు. ఒలింపిక్స్‌లో ఉన్న 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, 25 మీటర్ల పిస్టల్ పోటీల్లో దానికి చోటు లేదు. హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ వ్యక్తిగత విభాగంలో రజతం గెలిచింది హోల్‌స్టర్ లేకుండానే. ఆ పోటీలోని వేగ దశలో షూటర్ చేతిని నిలువు గీతకు 45 డిగ్రీలు మించకుండా కిందికి దించి ఉంచి, సంకేతం రాగానే పైకెత్తి కాలుస్తారు. పిస్టల్ పెట్టెలో వస్తుంది, పెట్టెలోనే తిరిగి వెళుతుంది. మన దేశంలో క్రీడా రేంజ్‌లలో ఎక్కువగా సాగేది ఈ పద్ధతే కాబట్టి, కొత్తగా చేరిన విద్యార్థి హోల్‌స్టర్ కోసం డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు.

హోల్‌స్టర్ నిజంగా అవసరమయ్యేది ‘ప్రాక్టికల్ షూటింగ్’లో. దీని అంతర్జాతీయ సమాఖ్య ఐపీఎస్‌సీ 1976లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, కొలంబియా నగరంలో ఏర్పడింది. జెఫ్ కూపర్ తొలి అధ్యక్షుడు. ఇందులో షూటర్ కదులుతూ అనేక లక్ష్యాలను కాలుస్తాడు. సాధారణంగా వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగించి ఫలితం లెక్కిస్తారు. పిస్టల్‌ను హోల్‌స్టర్ నుంచి తీసే క్షణం కూడా ఆ సెకన్లలోకే వస్తుంది. కాబట్టి తొందరగా బయటికి రావాలి, కానీ దానంతటది రాకూడదు. ఎంపికలో ఉన్న చిక్కంతా ఇదే.

ఈ చిక్కును నిబంధనలు కొంత తగ్గించాయి. షూటర్ మామూలుగా నిలబడినప్పుడు, హోల్‌స్టర్‌లోని పిస్టల్ మూతి అతని పాదాలకు 1 మీటరు దూరం దాటి చూడకూడదు. సినిమాల్లో కథానాయకుడు చంక కింద కట్టుకునే భుజపు హోల్‌స్టర్‌ను ఈ పోటీల్లో అనుమతించరు. కారణం ఊహించడం కష్టం కాదు: అందులో పిస్టల్ మూతి వెనక నిలబడినవారి వైపు చూస్తుంది, తీసేటప్పుడు పక్కవారందరి మీదుగా తిరుగుతుంది. ఎడమ నడుము మీద పెట్టి కుడిచేత్తో అడ్డంగా లాగే పద్ధతిలోనూ ఇంచుమించు ఇదే దోషం. దుస్తుల లోపల దాచుకునే రకం రేంజ్‌లో అనవసరం; దాచవలసిన పనే అక్కడ లేదు. కుడిచేతి వాటం వారికి కుడి తుంటి మీద, దుస్తులకు వెలుపల ఉండేది సరైనది.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. పిస్టల్ విషయంలో అది అక్షరాలా నిజం. ‘అన్ని మోడళ్లకూ సరిపోతుంది’ అని అమ్మే మెత్తటి నైలాన్ హోల్‌స్టర్ దేనికీ సరిగా సరిపోదు. పిస్టల్ అందులో అటూ ఇటూ కదులుతుంది, ట్రిగ్గర్ దగ్గర గుడ్డ లోపలికి నొక్కుకుంటుంది. తోలు అందంగా ఉంటుంది, శరీరానికి ఒదుగుతుంది. కానీ చెమటకు, వాడకానికి మెత్తబడుతుంది. అంచు మడతపడి ట్రిగ్గర్ కాపు లోపలికి దూరితే, పిస్టల్‌ను కిందికి తోసినప్పుడు ఆ మడతే వేలు చేసే పని చేస్తుంది. కైడెక్స్ వంటి గట్టి ప్లాస్టిక్ రేకును వేడిచేసి ఆయా మోడల్ ఆకారానికే మలుస్తారు. పిస్టల్ తీశాక కూడా దాని నోరు మూసుకుపోదు. రేంజ్ వాడకానికి నేను దీన్నే సూచిస్తాను.

పట్టు విషయంలో రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో ఒరిపిడే పట్టు. మరను బిగించి, వదులు చేసి సరిచేసుకోవచ్చు. రెండోదానిలో మీట లేదా పట్టీ ఉంటుంది. బొటనవేలితో విడిపించేది మేలు. చూపుడువేలితో మీట నొక్కే రకంలో ఇబ్బంది ఉంది: తొందరలో నొక్కిన వేలు, పిస్టల్ పైకి రాగానే అదే ఒత్తిడితో ట్రిగ్గర్ మీదికి జారవచ్చు. అందుకే కొన్ని శిక్షణ కేంద్రాలు ఆ రకాన్ని అనుమతించవు. అలాగని పట్టు మరీ వదులుగానూ ఉండకూడదు. పోటీ మధ్యలో పిస్టల్ నేలపడితే షూటర్‌ను అనర్హుడిగా ప్రకటిస్తారు. పడిన ఆయుధాన్ని తీయవలసింది రేంజ్ అధికారే, షూటర్ కాదు.

బెల్టు సంగతి చాలామంది మరచిపోతారు. మామూలు బెల్టు పిస్టల్ బరువుకు వంగి, లాగినప్పుడు హోల్‌స్టర్‌తో సహా పైకి వస్తుంది. గట్టి బెల్టు, దానికి సరిపడే వెడల్పున్న కొక్కెం తప్పనిసరి.

పిస్టల్‌ను తిరిగి పెట్టడానికి గడియారంతో పని లేదు. అధికారి చెప్పాక, ఖాళీ అని చూపించాక, చొక్కా కొస గానీ జాకెట్ తాడు గానీ హోల్‌స్టర్ నోట్లో లేదని కళ్లతో చూసి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి నెమ్మదిగా దించాలి. రెండో చేయి అవసరం లేకుండా ఇది చేయగలుగుతున్నారా అన్నది కొనేముందే, ఖాళీ పిస్టల్‌తో, బోధకుని సమక్షంలో పరీక్షించాలి. రెండో చేత్తో నోరు తెరిచి పట్టుకోవలసి వస్తే ఆ చేయి గొట్టం ముందుకు వస్తున్నట్టే.

మీ అవగాహనను పరీక్షించుకోండి: ఒక షూటర్ వద్ద పాతబడిన తోలు హోల్‌స్టర్, మామూలు బెల్టు ఉన్నాయి. పిస్టల్ తీసేటప్పుడు ఒకటి, తిరిగి పెట్టేటప్పుడు ఒకటి చొప్పున అతనికి ఎదురయ్యే ప్రమాదాలను కారణాలతో వివరించండి.