"స్ట్రాంగెన్" అనే మాట ఎందుకు లేదు?

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో నా మొదటి ఇంటర్వ్యూ. "పాస్‌వర్డ్‌ని ఎలా సేఫ్‌గా ఉంచుతావ్?" అని అడిగారు. ఆన్సర్ తెలుసు. కానీ "వి షుడ్ స్ట్రాంగెన్ ఇట్" అన్నాను. ప్యానెల్‌లో ఒకాయన నవ్వాడు. అంతే, ఆ తర్వాత నోరు పెగల్లేదు, జాబూ రాలేదు. చాలా రోజులు ఇంగ్లీష్‌లో మాట్లాడాలంటేనే భయం.

కానీ ఆలోచించండి, నేను చేసింది మరీ తెలివితక్కువ పనా? డార్క్‌కి డార్కెన్, సాఫ్ట్‌కి సాఫెన్ ఉన్నాయి కదా. (స్పెల్లింగ్‌లో టీ ఉంటుంది, పలకరు.) మరి స్ట్రాంగ్‌కి స్ట్రాంగెన్ ఎందుకు ఉండకూడదు?

విషయం చివరి శబ్దంలో ఉంది. స్పెల్లింగ్ కాదు, శబ్దం. ఒకే సిలబుల్ ఉన్న అడ్జెక్టివ్ క్, ట్, డ్, ఫ్, ష్ లాంటి శబ్దంతో ముగిస్తే "ఎన్" అతుక్కుంటుంది. థిక్ – థికెన్, షార్ట్ – షార్టెన్, వైడ్ – వైడెన్, రఫ్ – రఫెన్, ఫ్రెష్ – ఫ్రెషెన్. అదే న్, మ్, ల్, ర్ తోనో, అచ్చుతోనో ముగిస్తే అతుక్కోదు. అందుకే థిన్నెన్ లేదు, కూలెన్ లేదు, డ్రైయెన్ లేదు. అక్కడ అడ్జెక్టివే వెర్బ్ అయిపోతుంది: థిన్ ద పెయింట్, కూల్ ద రూమ్, డ్రై ద క్లోత్స్. రంగుల్లో చూడండి, బ్లాకెన్, వైటెన్, రెడెన్ ఉన్నాయి. గ్రీనెన్, బ్లూయెన్ ఎప్పుడైనా విన్నారా?

ఇప్పుడు నా స్ట్రాంగ్ దగ్గరికి వద్దాం. మనం చివర "గ్" గట్టిగా పలుకుతాం. ఇంగ్లీష్ వాళ్ల నోట్లో అది ముక్కుతో పలికే "ఙ్". అంటే న్, మ్ ల బ్యాచే. మరి వాళ్లేం చేశారంటే, ముందు నౌన్ తీసుకున్నారు: స్ట్రెంగ్త్. దాని చివర "త్" ఉంది కదా, ఎన్ హాయిగా అతుక్కుంది: స్ట్రెంగ్తెన్. లాంగ్ – లెంగ్త్ – లెంగ్తెన్, హై – హైట్ – హైటెన్, ఇవీ అంతే. నాకైతే ఇది కోడ్‌లో వర్క్‌అరౌండ్ లాగే అనిపించింది!

రూల్‌కి బగ్స్ లేవా? ఉన్నాయి. వెట్ చివర ట్ ఉన్నా వెటెన్ లేదు, వెట్ అనే వాడాలి. రిచ్, లార్జ్‌కి అయితే ఎన్ ముందుకొచ్చి కూర్చుంటుంది: ఎన్‌రిచ్, ఎన్‌లార్జ్. ఇలాంటివి గుర్తుపెట్టుకోవడమే, తప్పదు.

ఇంకోటి. తెలుగులో "నల్లబడింది" వేరు, "నల్లగా చేశాడు" వేరు. ఇంగ్లీష్‌లో రెండింటికీ ఒకటే మాట. ద స్కై డార్కెన్డ్ అన్నా కరెక్టే, హి డార్కెన్డ్ ద రూమ్ అన్నా కరెక్టే. ఈ విషయంలో మనకే కొంచెం కష్టం తక్కువ అనుకోవచ్చు.

సరే, మీకో పని. స్వీట్, క్లియర్, డీప్, స్లో. వీటిలో ఎన్ ఎవరికి వస్తుందో పైకి పలికి చూసి కామెంట్‌లో పెట్టండి. డిక్షనరీ ఓపెన్ చేయొద్దు!