తలకు 444 రూపాయలేనా?

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో 45 కోట్ల మంది ఏటా దాదాపు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని 2025 ఆగస్టులో కేంద్రం అంచనా కట్టింది. భాగించి చూస్తే తలకు 444 రూపాయలు, అంటే నెలకు 37. ఇంతేనా అనిపిస్తుంది. కానీ సగటు ఇక్కడ అసలు సంగతిని దాచేస్తుంది. వందో రెండొందలో పోగానే మానేసేవాళ్లూ, పోయింది రాబట్టాలని అప్పు మీద అప్పు చేసేవాళ్లూ అందులో ఒకే లెక్క.

చట్టం ఎవరిని పట్టుకుంటుంది?

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. ఏపీలో నిర్వాహకులకు తొలిసారి ఏడాది, రెండోసారి రెండేళ్ల జైలు. ఆడినవారికీ ఆరు నెలల వరకు శిక్ష ఉంది. అయినా ఫోన్‌లో లొకేషన్ మార్చి, పక్క రాష్ట్రంలో ఉన్నట్టు చూపించి ఆడినవాళ్లున్నారు.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. డబ్బు పెట్టి ఆడే ఆట నడిపినా, దానికి డబ్బు లావాదేవీలు జరిపినా మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవారికి మాత్రం ఇందులో శిక్ష లేదు.

సాయం ఎక్కడ?

జూద వ్యసనం ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఉంది. అంటే చికిత్స ఉన్న సమస్య. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. నేరుగా వెళ్లాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. గెలిచిన సొమ్ము తీసుకోవాలంటే ముందు ఇంకొంత కట్టమని నకిలీ యాప్ మోసం చేస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. ఆలస్యమైతే డబ్బు ఖాతాలు మారిపోతుంది.

ఇంట్లో చేయాల్సింది

చేబదుళ్లు, లోన్ యాప్‌లు, తాకట్టు పెట్టిన బంగారం సహా అప్పులన్నీ ఆడినవారి చేత ఒక కాగితం మీద రాయించండి. అప్పు తీర్చేసి, యూపీఐ మళ్లీ ఆ చేతికే ఇస్తే కథ మొదటికొస్తుంది. కొంతకాలం జీతం ఖాతా ఇంకొకరు చూసుకోవాలి.

జరిమానా అంకెలు యాప్ నడిపేవాళ్లకు. మీ ఇంటికి అవసరమైన అంకె 14416. తిట్టడానికి ముందు ఆ నంబరు కలపండి.