గళ్ల కాగితంపై ఒక ప్రయాణం

కొన్నేళ్ల క్రితం ధర్మవరం నుండి ఒక తల్లి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని హిందూపురంలో మా వద్దకు వచ్చింది. ఆ కుర్రవాడు మా పూర్వ విద్యార్థే. మా వద్ద ఖుర్ఆన్ నాజిరా పూర్తిచేసి, ఆపై పాలిటెక్నిక్‌లో చేరినవాడు. తండ్రి పట్టుచీరల మగ్గాలకు జకార్డు అట్టలు కొట్టే పనివాడు. ఆ తల్లి సంచిలో నుండి ఒక లావుపాటి పుస్తకం తీసి మా ముందుంచి, "హజ్రత్, చదువు పక్కనపెట్టి రాత్రంతా ఇదే పని. మీరైనా బుద్ధి చెప్పండి" అన్నది.

పుస్తకం నిండా గళ్ల కాగితాలే. ఆ చిన్న చిన్న గళ్లలో రంగులు నింపి ఉన్నాయి. ఒక పుటలో కోట ద్వారం, మరొక పుటలో బావి, వేపచెట్టు, భుజాన మూటతో నడుస్తున్న ఒక బాటసారి. ఏమిటిదని అడిగాము. "వీడియో గేమ్ తయారుచేస్తున్నాను హజ్రత్, పాతకాలపు పద్ధతిలో" అన్నాడు. మేము కాలం విలువను గురించి ఒక గంటసేపు ప్రసంగించాము. అల్ అస్ర్ సూరా భావాన్ని వివరించాము. చివరికి ఆ పుస్తకాన్ని మా బీరువాలో పెట్టి తాళం వేశాము. అతడు తల వంచుకొని సలాం చెప్పి వెళ్లిపోయాడు.

ఆ పుస్తకం రెండేళ్లు మా బీరువాలోనే ఉండిపోయింది. ఆనాడు మేము చెప్పిన మాటలలో అసత్యం లేదు. కాని మాకు తెలియని విషయాన్ని గురించి, తెలుసుకొనే ప్రయత్నమైనా చేయకుండా తీర్పు చెప్పాము. విద్య బోధించేవారికి అది తగని పని. ఆ తరువాత మేము తెలుసుకొన్న సంగతులను, మన కుటుంబాలలోని తల్లిదండ్రులకు ఉపకరిస్తాయన్న ఆశతో ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మగ్గం నేర్పిన లెక్క

ఒక నికాహ్ నిమిత్తం ధర్మవరం వెళ్లినప్పుడు ఆ కుర్రవాడి ఇంటికి వెళ్లాము. అతడు కంప్యూటరు ముందు కూర్చొని చీర కొంగుకు డిజైను గీస్తున్నాడు. తెర నిండా గళ్లు, గళ్లలో రంగులు. మా బీరువాలోని పుస్తకం కళ్లముందు మెదిలింది. అవే గళ్లు, అదే చేయి!

ధర్మవరం పట్టుచీర అంచుమీద నెమలి గానీ, మామిడిపిందె గానీ నేయాలంటే ముందుగా దానిని గళ్ల కాగితంపై గీస్తారు. నిలువు గడులు పడుగు పోగులకు, అడ్డ గడులు పేకకు గుర్తు. ఆ గళ్లను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. రంధ్రం ఉన్నచోట కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది, లేనిచోట పోగు కిందనే ఉంటుంది. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేక వరుసను శాసిస్తుంది. ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మేరీ జకార్డు 1804 ప్రాంతంలో ఈ యంత్రాన్ని రూపొందించాడు. ఆ అట్టలను చూసిన తరువాతే ఆంగ్ల గణితవేత్త చార్లెస్ బాబేజ్ తాను తలపెట్టిన గణనయంత్రానికి రంధ్రాల అట్టలతో ఆజ్ఞలివ్వవచ్చునని ఊహించాడు. అంటే నేటి కంప్యూటరు పూర్వచరిత్రలో నేతమగ్గానికి చోటున్నది.

పాతకాలపు వీడియో గేములలోని బొమ్మ కూడా సరిగ్గా ఇదే విధంగా తయారవుతుంది. 1980లలో జపానులో తయారైన ఆట యంత్రాలలో ఒక్కొక్క బొమ్మ ముక్క నిలువు ఎనిమిది, అడ్డం ఎనిమిది గళ్లు మాత్రమే. రంగులూ కొన్నే. ఆ ఇరుకులోనే మనిషిని, చెట్టును, ఇంటిని గుర్తుపట్టేటట్లు చూపించాలి. నేడు యంత్రాల శక్తి ఎంతో పెరిగినా, కొందరు ఆ ఇరుకునే కోరి ఎన్నుకొని ఆటలు చేస్తున్నారు. పెద్ద సంస్థల అండ లేకుండా ఒకరో ఇద్దరో కూర్చొని పూర్తిచేయగల పద్ధతి అదే కావడం అందుకొక కారణం.

కథను నడిపించే ఆట

కుర్రవాడు చేయబూనినది పాత్రధారణ ఆట, అంటే రోల్ ప్లేయింగ్ గేమ్. ఆడేవాడు ఒక పాత్రను స్వీకరించి ఊరూరా తిరుగుతాడు. మనుషులతో మాట్లాడతాడు. ఏది చేయాలో, ఏది చేయరాదో తానే నిర్ణయించుకొంటాడు. 1974లో అమెరికాలో కాగితం, పాచికలతో మొదలైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట దీనికి మూలం. 1986లో జపానులో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ ఈ పద్ధతిని ఇంటింటికీ చేర్చింది. ఆ ఆటంతా 64 కిలోబైట్లలో ఇమిడిపోయింది. నేడు మన ఫోనులో తీసే ఒక్క ఫోటో అంతకు ఎన్నో రెట్లు చోటు తీసుకొంటుంది. చోటు చాలక తయారీదారులు తమ కటకానా లిపిలోని కొన్ని అక్షరాలను మాత్రమే ఉంచుకొని, వాటితోనే పేర్లన్నీ కూర్చుకొన్నారట.

మన కాలంలో ఈ పనిని ఒంటరిగా చేసినవారున్నారు. అమెరికాకు చెందిన ఎరిక్ బరోన్ అనే యువకుడు 2011లో డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం దొరకక, అభ్యాసం కోసమని ఒక పల్లెటూరి వ్యవసాయపు ఆటను మొదలుపెట్టాడు. బొమ్మలు, సంగీతం, కథ, ప్రోగ్రాము అన్నీ తానే. పొట్టకూటికి ఒక నాటకశాలలో ప్రేక్షకులకు చోటు చూపించే పని చేశాడు. గీసిన బొమ్మలు నచ్చక మళ్లీ మళ్లీ గీశాడు. నాలుగేళ్లకు పైబడిన శ్రమ తరువాత 2016 ఫిబ్రవరి 26న స్టార్‌డ్యూ వ్యాలీ అనే పేరుతో అది వెలువడింది. నేటికి మూడు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. అందులో మద్యం, జూదశాల వంటివి కూడా ఉన్నాయి గనుక ఆ ఆట మొత్తం మనకు సమ్మతమని చెప్పలేము. ఆ ఓర్పు మాత్రం గమనించదగినది.

2015లో టోబీ ఫాక్స్ అనే యువకుడు వెలువరించిన అండర్‌టేల్ మరొక రకం. ఈ తరహా ఆటలలో ఎదురైనవారిని చంపుతూ పోవడమే మామూలు. ఇందులో మాత్రం ఎవరినీ చంపకుండా, మాటలతో, దయతో ఆటను ముగించవచ్చు. చంపితే ఆ సంగతిని ఆట మరచిపోదు. ఇక మన హైదరాబాదులోనూ చిన్న బృందాలు ఇటువంటి పనికి పూనుకొన్నాయి. ఓగ్రె హెడ్ స్టూడియో అనే సంస్థ 2017లో అసుర అనే ఆటను విడుదల చేసింది.

మా మనస్సును ఎక్కువగా కదిలించినది మాత్రం ఒక సిరియా యువకుని గాథ. అబ్దుల్లా కరమ్ అంతర్యుద్ధం కారణంగా 2014లో స్వదేశం విడిచి వెళ్లవలసివచ్చినవాడు. ఆస్ట్రియాలో కౌసా క్రియేషన్స్ అనే బృందంతో కలిసి తన పలాయనాన్నే పాతకాలపు పాత్రధారణ ఆటగా మలిచాడు. 2017లో వెలువడిన ఆ ఆట పేరు పాథ్ అవుట్. ఆడేవాడు అబ్దుల్లా పాత్రలో ప్రమాదాలను దాటుకొంటూ ఆ దారిలో నడవాలి. మధ్యమధ్య తెరపై నిజమైన అబ్దుల్లా ప్రత్యక్షమై, ఆడేవాడు చేసిన పనిమీద హాస్యంగా వ్యాఖ్యానిస్తాడు. శరణార్థులంటే కేవలం అంకెలుగా లెక్కించే లోకానికి, అటువంటి ఒక మనిషి స్థానంలో కాసేపు నిలబడి చూడండని అతడు చెప్పగలిగాడు. మేము మింబరుపై నుండి ఎన్నోసార్లు చెప్పిన మాటను అతడు గళ్ల బొమ్మలతో చెప్పాడు.

ధర్మం గీసిన హద్దులు

అయితే వీడియో గేములన్నీ మంచివేనా అని ఎవరైనా అడగవచ్చు. ముమ్మాటికీ కాదు. డబ్బు పందెం ఉన్న ఆట ఏ రూపంలో ఉన్నా అది జూదమే. అల్ మాయిదా సూరాలో మద్యంతోపాటు జూదం కూడా షైతాను పనులలో చేర్చబడింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే రమ్మీ, పోకర్ వంటి ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశమంతటా నిషేధిస్తూనే, పందెం లేని ఆటలను వాటినుండి వేరుచేసింది. ఆటకు బానిస కావడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రుగ్మతగా గుర్తించి వ్యాధుల పట్టికలో చేర్చింది. అశ్లీలత, నమాజును మరపించే వ్యసనం, అల్లాహ్‌కు సాటి కల్పించే అంశాలు ఉన్నవాటిని గురించి వేరుగా చెప్పనవసరం లేదు.

మరోవైపు, ఆట అన్నదానినే మన ధర్మం నిరాకరించలేదు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. మస్జిదు ఆవరణలో హబషీలు ఈటెలతో ప్రదర్శన ఇస్తుండగా ఆమెకు చూపించారు. ఆమె ఆటబొమ్మలలో రెక్కలున్న ఒక గుర్రాన్ని చూసి ఇదేమిటని అడిగినప్పుడు, సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవి కదా అని ఆమె బదులిచ్చారు. ఆ జవాబుకు ఆయన మనసారా నవ్వారని హదీసు గ్రంథాలలో ఉన్నది. ప్రాణుల చిత్రాల విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. ఆ వివరం తమ ప్రాంతపు పండితులను అడిగి తెలుసుకోవడం మంచిది. కాని ఒక బాలిక ఊహను చూసి నవ్విన ఆ ప్రవక్త అనుచరులము, ఒక బాలుని ఊహను చూసి బీరువాకు తాళం వేశాము.

యంత్రకళ మనకు పరాయిది కూడా కాదు. కంప్యూటరు పనిలో అడుగడుగునా వినవచ్చే అల్గారిదమ్ అనే మాట అల్ ఖ్వారిజ్మీ పేరునుండి పుట్టినదే. అల్ జజరీ 1206 నాటికి పూర్తిచేసిన గ్రంథంలో నీటి గడియారాలను, తమంతట తాము కదిలే బొమ్మలను తయారుచేసే విధానాన్ని కొలతలతో సహా వివరించాడు.

పెనుకొండ కోట కింద

ఆనాడు ధర్మవరంలో మేము ఆట సంగతి ఎత్తగానే కుర్రవాడు, "పుస్తకం మీ దగ్గరే ఉంది కదా హజ్రత్" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అదే మమ్మల్ని ఎక్కువగా బాధించింది. మరుసటి వారం పుస్తకం తీసుకొని పెనుకొండలో అతణ్ణి కలుసుకొన్నాము. అతని బొమ్మలలోని కోట పెనుకొండ కోటే. 1565 యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరది. గగన్ మహల్, షేర్ ఖాన్ మసీదు, బాబా ఫక్రుద్దీన్ దర్గా అన్నీ ఒకే ఊళ్లో ఉన్న చోటది. కోట గోడ నీడలో కూర్చొని అతడు తన ఆట కథ చెప్పాడు.

బాటసారి భుజంమీది మూట అతనిది కాదు. మరణించిన ఒక వర్తకుడు అప్పగించిన అమానతు. కోటలోని వారసులకు దానిని చేర్చాలి. దారిలో ఆకలి ఉంటుంది, అప్పు ఇస్తామనేవారుంటారు, మూట విప్పమని పోరేవారుంటారు. ఆడేవాడు మూట విప్పితే ఆట ఆగిపోదు. కాని అప్పటినుండి ఊళ్లో మనుషులు అతనితో మాట్లాడే తీరు కొద్దికొద్దిగా మారిపోతుంది. "అమానతు గురించి మీరు చెప్పిన పాఠమే హజ్రత్" అన్నాడు. మేము కాసేపు మాట్లాడలేకపోయాము.

ఎందుకు పూర్తికాలేదని అడిగాము. మా కోపం ఒక్కటే కారణం కాదని అతడు నిజాయితీగా ఒప్పుకొన్నాడు. ఊరు ఒక్కటి చాలునని మొదలుపెట్టి ఐదు ఊళ్లు కల్పించాడు. ఒక్కొక్క మనిషికి మూటను విప్పకముందు ఒక మాట, విప్పిన తరువాత మరొక మాట రాయవలసివచ్చింది. తెలుగు అక్షరాలు మరొక చిక్కు. ఆంగ్ల అక్షరం ఎనిమిది గళ్లలో ఇముడుతుంది. మన వత్తులు, గుణింతాలు పైకీ కిందికీ పాకుతాయి. ఆట తయారీ సాధనాలు కొన్ని వాటిని కలిపి చూపలేక, ఒత్తును విడిగా పక్కన పడవేస్తాయి. చివరికి ఒక్కొక్క మాటనూ బొమ్మగా గీసుకొన్నాడు. "గీయడం కష్టం కాదు హజ్రత్, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడమే కష్టం" అన్నాడు. కాసేపాగి, "ఫజ్ర్ తప్పిన రోజులు చాలా ఉన్నాయి. పరీక్షలూ పోయాయి. ఆ మాటలో మీరు చెప్పింది నిజమే" అని చేర్చాడు.

అతడు పూర్తిచేసినది ఒక్క ఊరు, పది నిమిషాల ఆట. అక్క పిల్లలు దానిని ఆడుకొంటారట. ఇప్పుడు చీరల డిజైన్లతో ఇల్లు నడుస్తున్నది. గళ్లలో రంగు పొదుపుగా వాడడం, తప్పు ఎక్కడున్నదో వెదకడం ఆ ఆట వల్లనే వచ్చాయని అతని నమ్మకం. పుస్తకం తిరిగి అతని చేతిలో పెట్టాము. అదీ అమానతే కదా! "మిగతా ఊళ్లు వదిలేయి బేటా. ఆ ఒక్క ఊరినే చక్కగా ముగించు. ఇషా తరువాత ఒక గంట, అంతకు మించవద్దు" అన్నాము. నవ్వి తల ఊపాడు.

తల్లిదండ్రులకు మా విన్నపం ఇది. పిల్లవాడు ఆట ఆడుతున్నాడా, ఆటను తయారుచేస్తున్నాడా అన్నది ముందుగా తెలుసుకోండి. రెండూ ఒకటి కావు. తయారుచేస్తుంటే ఏ కథ చెబుతున్నాడో పక్కన కూర్చొని అడగండి. అందులో పందెం, అశ్లీలత లేకుండా చూడండి. నమాజు, చదువు, నిద్ర వేళలను ముందుగా నిర్ణయించి, మిగిలిన వేళను అతనికి వదలండి. చిన్నదైనా సరే, మొదలుపెట్టిన పనిని పూర్తిచేయడం నేర్పండి. తప్పు కనిపిస్తే సరిదిద్దండి. చూడకుండా మాత్రం తాళం వేయకండి.

ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. మన పిల్లల తీరికను, వారి చేతిలోని నేర్పును అల్లాహ్ మేలైన పనులకు వినియోగించుగాక! తెలియనిదానిపై తీర్పు చెప్పే తొందరపాటు నుండి మమ్మల్నీ, మనందరినీ కాపాడుగాక! ఆమీన్.