కత్తిరింపు విద్య



చేతిఫోనులో కదలు బొమ్మలను చూడని యిల్లు నేడు మన గ్రామములలో అరుదు. ఆ బొమ్మలు మీ కంటికి చేరుటకు ముందే యొక కూర్పరి చేతిలో తెగి, అతుకుపడి వచ్చుచున్నవి. తాడేపల్లిగూడెములో చదువుకొను దినములలో నే నీ విద్యను కొంత నేర్చితిని. అందు నేను చేసిన తప్పును గూడ దాచక విన్నవించెదను.

ఏలూరు చెంతనున్న సోమవరప్పాడున జన్మించిన ఎల్. వి. ప్రసాదుగారు 1949లో 'మన దేశం' చిత్రమును తీసిన కాలమున కూర్పరి ఫిల్మును నిజముగనే కత్తిరించి అతుకవలసి యుండెను. సెకండునకు 24 బొమ్మలు. నిమిషపు ఆటకు 90 అడుగుల ఫిల్ము. కత్తెర తప్పినచో మరల అతుకువేయుట శ్రమతో గూడిన పని.

ఇప్పు డా పని కంప్యూటరు చేయుచున్నది. నేను నేర్చినది ఉచితముగా లభించు 'కెడెన్‌లైవ్' అను సాఫ్ట్‌వేరు. తెరపై అడ్డముగా టైంలైను అను పట్టీ యుండును. ఒక వరుసలో చిత్రము, దాని క్రింది వరుసలో శబ్దము. ముక్కలను రైలుపెట్టెలవలె ముందు వెనుకలుగా చేర్చవచ్చును, వలసినచోట తెంపవచ్చును. ఇంత చేసినను అసలు వీడియోకు హాని లేదు. పుస్తకమును చింపక చదువవలసిన పుటలకు గుర్తులు పెట్టుకొన్నట్లు, ఏ ముక్క యెచట మొదలై యెచట ముగియవలెనో సాఫ్ట్‌వేరు వ్రాసికొనును. తుదకు ఆ గుర్తుల ప్రకారము క్రొత్త వీడియోను తయారుచేయును.

పనిముట్టు నాకు నెలదినములలో పట్టువడెను. వివేకము మాత్రము ఆలస్యముగా వచ్చెను.

కళాశాలలో ప్రదర్శించుటకై ఐదు నిమిషముల చిత్రము తీయ సంకల్పించి, ఆకివీడు మీదుగా కొల్లేటి లంకగ్రామ మొకదానికి పోతిని. 1999లో కొల్లేరు అభయారణ్యముగా ప్రకటింపబడినదియు, 2006లో చేపలచెరువుల గట్లు తెగగొట్టబడినదియు మీ రెరుగుదురు. ఆ సంగతి నడుగగా వృద్ధుడొకడు, "గట్లు కొట్టటం న్యాయమే బాబూ, నీరు పారాలి. కాని వల తప్ప మరొకటి తెలియనివాడికి దారి చూపి కొట్టవలసింది" అనెను. చిత్రము నిడివి మించుచుండుటచే మొదటి వాక్యము నుంచి, రెండవదానిని తీసివేసితిని.

అది ఫోనులవెంట ఆ యూరికే చేరెను. నేను మరల పోయినప్పుడు ఆయన కసరలేదు. "నా మాట నీవు మార్చలేదు బాబూ, సగం మింగినావు. ఆ సగంలోనే మా కూడుంది. నలుగురూ నన్ను నిలదీస్తున్నారు" అని మాత్ర మనెను. "తాతగారూ, తప్పు నాది" అని చేతులు జోడించితిని.

అసలు వీడియో భద్రముగా నుండుటచే విడిచిన వాక్యమును చేర్చుటకు పది నిమిషములు చాలినవి. క్రొత్త ప్రతిని ఆయనకు చూపి, ఆయన సరేయనిన పిమ్మట పంపితిని. కాని మొదటి ప్రతి యెన్ని ఫోనులలో నిలిచినదో, వానినుండి దానిని వెనుకకు దెచ్చు మీట యే సాఫ్ట్‌వేరులోను లేదు.

కావున పెద్దలకు నా మనవి. ఎవరైన ఫోనులో నొకని మాట చూపి మిమ్ము తీర్పడిగినచో, దీనికి ముందేమున్నది, వెనుక నేమున్నది అని ప్రశ్నింపుడు. మాట నడుమ బొమ్మ చటుక్కున గెంతినచో అచట కత్తెర పడినదేమోయని శంకింపుడు. మీ పిల్ల లీ విద్య నేర్తుమన్నచో వలదనకుడు. తీసినవారికి చూపిన పిమ్మటనే లోకమునకు చూపవలెనని మాత్రము మొదటి పాఠముగా చెప్పుడు.

సెలవు.