పగటి నిద్రకూ దోమతెర కావాలి

కూర్మన్నపాలెం కూడలిలో ఉదయం వేళ నిలబడితే, ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చేవారు గుంపులుగా కనిపిస్తారు. టిఫిను తిని, అద్దె గది చేరి, ఒళ్లెరుగక నిద్రిస్తారు. దోమతెర ఉన్నా కట్టరు. అది రాత్రికే అని వారి భావన. డెంగీ జ్వరాన్ని తెచ్చే ఏడిస్ దోమ కుట్టేది పగలే. సూర్యోదయానంతరం కొన్ని గంటలు, తిరిగి సాయంసంధ్యకు ముందు దాని ఉధృతి అధికం.

1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఈ కర్మాగారం కొరకు ఎన్నో పల్లెలు ఖాళీ అయ్యాయి. గేటు లోపల ఉక్కునగరం ప్రణాళికాబద్ధంగా వెలసింది. వెలుపల నిర్వాసితులు, కాంట్రాక్టు కార్మికులు, చిరుద్యోగులు ఇరుకు వాటాలలో స్థిరపడ్డారు. కుళాయి నీరు రోజంతా రాదు గనుక వాకిట డ్రమ్ము తప్పదు. ఏడిస్‌కు మురుగుతో పని లేదు. ఆ మంచినీటి అంచునే గుడ్లు పెడుతుంది. ఎనిమిది పది రోజులలో దోమలు లేస్తాయి.

ప్రకృతులు వేరైన జనులందరూ ఒకే వ్యాధికి ఏల లోనవుతారన్న ప్రశ్నకు చరక సంహిత, విమానస్థానంలో, వాయువు, ఉదకము, దేశము, కాలము దూషితమగుటయే కారణమని చెప్పింది. ఇవి నలుగురికీ ఉమ్మడి. ఒక్క ఇంటి కషాయంతో తీరేవి కావు.

గత వర్షాకాలంలో ఒక యువకార్మికునికి నాలుగు రోజులు బొప్పాయి ఆకు రసం పట్టించి, జ్వరం దిగిన పిదప నీరసానికి మందిమ్మని నా వద్దకు తెచ్చారు. దేహం చల్లబడింది గాని కడుపునొప్పి, ఆగని వాంతులు! నేను మందివ్వక, తక్షణమే ఆసుపత్రికి పంపాను. సెలైను ఎక్కించగా కోలుకున్నాడు. డెంగీలో జ్వరం తగ్గే వేళే అసలు గండం. చిగుళ్ల నుండి రక్తం, నల్లని విరేచనం, మత్తు కనిపించినా ఇంట ఉంచరాదు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు కూడదు. పలుచని గంజి, పెసరకట్టు, కొబ్బరినీరు పథ్యము. బొప్పాయి ఆకును నమ్మి రక్తపరీక్ష వాయిదా వేయడం నాకు సమ్మతం కాదు.

వారానికొకసారి డ్రమ్మును వంచి, లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్దాలి. గుడ్లు గోడకు అంటుకొని, ఎండినా నెలల తరబడి బ్రతుకుతాయి. గదులు అద్దెకిచ్చిన గృహిణులకు ఒక మనవి: డ్యూటీకి పోయినవాని తాళం వేసిన గది ముందరి డ్రమ్ము ఎవ్వరి లెక్కలోనూ ఉండదు. మీది కడిగే నాడే దానిని కూడా కడిగించండి. అద్దెతో పాటు ఒక దోమతెర కూడా ఇప్పించండి.