మన చిత్రానికి మనమే పరీక్ష

బాలలారా! సినిమా చూడడం మీకందరికీ ఇష్టమే. ఈ రోజుల్లో సినిమా తీయడం కూడా మీకు అందుబాటులోకి వచ్చింది. ఒక సెల్‌ఫోను, నలుగురు స్నేహితులు ఉంటే ఐదు నిమిషాల చిత్రం తయారవుతుంది. అయితే తీసిన చిత్రం మంచిదో కాదో తెలుసుకోవడం ఎట్లా? ఈ పాఠంలో ఆ సంగతి చూద్దాం.

కతర్ దేశపు పడమటి తీరాన దుఖాన్ అనే ఊరు ఉంది. రాజధాని దోహాకు అది సుమారు 80 కిలోమీటర్ల దూరం. అరబ్బీ భాషలో దుఖాన్ అంటే పొగ అని అర్థం. ఆ దేశంలో మొట్టమొదట చమురు దొరికిన చోటు ఇదే. ఆ చమురు 1949 చివర తొలిసారిగా ఓడ ఎక్కి విదేశాలకు వెళ్ళింది. ఊరికి దగ్గరలోనే సముద్రం. శుక్రవారం అక్కడ సెలవు కనుక ఎన్నో కుటుంబాలు ఒడ్డుకు వస్తాయి.

ఆ ఊళ్ళో మీవంటి విద్యార్థులు పిల్లల భద్రతను గురించి ఒక చిత్రం తీశారనుకుందాం. కథ ఇది: ఇద్దరు మిత్రులు ఒడ్డున ఆడుకుంటూ ఉంటారు. ఒకడు పందెం కట్టి లోతుకు వెళ్తాడు. మునిగిపోతూ చేతులు ఆడిస్తాడు. రెండవవాడు వెంటనే దూకి అతణ్ణి ఒడ్డుకు చేరుస్తాడు. అందరూ చప్పట్లు కొడతారు.

చూసినవారిని “బాగుందా?” అని అడిగితే “బాగుంది” అనే అంటారు. దానివల్ల మనకు తెలిసేది తక్కువ. “నీ స్నేహితుడు మునిగిపోతుంటే నువ్వేం చేస్తావు?” అని అడగండి. “నేనూ దూకుతాను” అని జవాబు వస్తే, ఆ చిత్రం తప్పు నేర్పిందన్న మాట! మునిగేవాడు భయంతో దగ్గరికి వచ్చినవాణ్ణి గట్టిగా పట్టుకుంటాడు. అప్పుడు ఇద్దరి ప్రాణాలకూ ముప్పే. మన చెరువుల్లో, కాలువల్లో ఒకరిని కాపాడబోయి మరొకరు మునిగిపోయిన వార్తలు మనం వింటూనే ఉన్నాం కదా!

మరి ఏం చేయాలి? గట్టిగా కేకవేసి పెద్దలను పిలవాలి. దగ్గరలో ఉంటే ఒడ్డున బోర్లా పడుకొని కర్ర అందించాలి. దూరంగా ఉంటే తాడు గాని, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా గాని విసరాలి. లోపల గాలి ఉన్నందువల్ల డబ్బా తేలుతుంది. దాన్ని పట్టుకొని మనిషి తేలగలడు. సహాయం కోసం కతర్‌లో 999కు, మన దేశంలో 112కు ఫోను చేయాలి. దూకే దృశ్యం తీసివేసి ఇవి చూపిస్తే కథ చెడదు. వణికే చేతులతో డబ్బా విసిరిన పిల్లవాడు కూడా ధైర్యవంతుడే.

చిత్రాన్నే కాదు, తీసిన పద్ధతిని కూడా పరీక్షించాలి. భద్రత గురించి చెబుతూ మనమే భద్రత మరువరాదు. మునిగే దృశ్యాన్ని నిజంగా లోతులో తీశారా? మోకాటి లోతులో కూర్చోబెట్టి దగ్గరగా తీసినా చాలు. ఈత వచ్చిన పెద్దవారు పక్కన ఉన్నారా? మిట్టమధ్యాహ్నం తీశారా? కతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదని 2021లో నియమం పెట్టారు. కార్మికులకే విశ్రాంతి అవసరమైన ఎండలో పిల్లలకు షూటింగు ఎందుకు? ఒడ్డున ఉన్న ఇతరులను అనుమతి లేకుండా తీశారా? సముద్రపు గాలిలో మాటలు వినబడుతున్నాయా? లేకపోతే గదిలో మళ్ళీ రికార్డు చేసి కలపవచ్చు.

పిల్లలు సినిమాను తూచగలరా అని సందేహించకండి. దోహాలో 2013లో ‘అజ్యాల్’ అనే చిత్రోత్సవం మొదలైంది. ఆ మాటకు ‘తరాలు’ అని అర్థం. అందులో ఎనిమిదేళ్ళ పిల్లలు మొదలుకొని న్యాయనిర్ణేతలుగా కూర్చున్నారు. చిత్రాలు చూసి, చర్చించి, బహుమతులు నిర్ణయించారు.

చప్పట్లు నిమిషంలో ఆగిపోతాయి. నేర్చుకున్నది మాత్రం ఏదో ఒకనాడు ఒడ్డున నిలబడినప్పుడు గుర్తుకు వస్తుంది. అది సరైనదై ఉండాలి. చిత్రం తీసేవారి బాధ్యత అదే.

ఆలోచించి చెప్పండి
1. “బాగుందా?” అనే ప్రశ్న ఎందుకు చాలదు?
2. మీ ఊరి చెరువు దగ్గర ఈ కథ జరిగితే ఏ వస్తువులు సహాయపడతాయి?